అలిపిరి మెట్లు, అణువుల మెట్లు

మే నెలలో తిరుపతి ఎండ గురించి ఇక్కడివాళ్ళకు కొత్తగా చెప్పేదేమీ లేదు. అందుకే ఆ నెలలో మెట్లదారిన కొండెక్కాలంటే మేం తెల్లవారుజామునే బయల్దేరుతాం. పోయిన వేసవిలో మా అక్క కొడుకు తోడొచ్చాడు. ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. "చల్లని అణువుల" మీద పరిశోధన జరుగుతోందని ఎక్కడో చదివాడట. గాలిగోపురం చేరకముందే అడిగాడు: "అణువుకు చలి ఎట్లా పెడతాది మామా? దాన్ని ఫ్రిజ్‌లో పెడతారా?"

ఆయాసపడుతూ చెప్పగలిగినంత చెప్పాను. ఇంటికొచ్చాక అది చాలలేదనిపించింది. వాడికి బాకీపడ్డ జవాబే ఇది.

గదిలో గాలి నిశ్చలంగా ఉన్నట్టు కనిపిస్తుంది గానీ, అందులోని నత్రజని అణువులు సగటున సెకనుకు 470 మీటర్ల వేగంతో పరిగెడుతుంటాయి. కొన్ని అంతకంటే నెమ్మది, కొన్ని మరీ జోరు, ఒక్కోటీ ఒక్కో దిక్కు. ఈ చిందరవందరనే మనం వేడి అంటాం. వేగం ఒక్కటే వేడి కాదన్న సంగతి ఇక్కడ గట్టిగా పట్టుకోవాలి. రేణిగుంటలో బయల్దేరిన రైలు ఎంత జోరుగా పోతున్నా లోపల సీట్లలో కూర్చున్నవాళ్ళు ఒకరినొకరు ఢీకొట్టుకోరు కదా. అణువులన్నీ ఒకే దిక్కుకు ఒకే వేగంతో పోతుంటే, ఆ గుంపు ఎంత వేగంగా పోయినా చల్లనిదే.

సైకిల్ ట్యూబులోంచి గాలి తీసేటప్పుడు వాల్వు దగ్గర వేలు పెడితే చల్లగా తగులుతుంది. ఒత్తిడితో ఉన్న వాయువు సన్నని రంధ్రంలోంచి బయటికి వ్యాకోచిస్తూ చల్లబడుతుంది. ఆ రంధ్రాన్ని వెంట్రుకంత చేసి, అవతల గాలిని పూర్తిగా తోడేసిన శూన్యపు గదిని పెట్టి, ఆర్గాన్‌లోనో హీలియంలోనో కొద్దిగా కలిపిన అణువులను దాని గుండా చిమ్మితే అవి కొద్ది కెల్విన్‌లకు దిగిపోతాయి. కెల్విన్ అనేది పరమ శూన్య ఉష్ణోగ్రత నుంచి లెక్కపెట్టే కొలమానం. సున్నా కెల్విన్ అంటే మన లెక్కలో మైనస్ 273.15 డిగ్రీలు. ఫ్రిజ్ అవసరమే రాలేదు. లోపల చిందరవందరగా ఉన్న పరుగంతా ఒకే దిక్కు పరుగుగా మారిపోయిందంతే.

ఇంత కష్టపడి చల్లార్చడం ఎందుకు? ఇక్కడికొచ్చేసరికి నా కాళ్ళ కింద ఉన్న మెట్లే నాకు సాయం చేశాయి.

అలిపిరి నుంచి పైదాకా 3550 మెట్లంటారు. ఏ మెట్టు మీదైనా నిలబడొచ్చు, రెండు మెట్ల నడుమ గాలిలో మాత్రం నిలబడలేం. అణువు తన చుట్టూ తాను తిరగడమూ అచ్చం ఇంతే. బొంగరంలా ఎంత వేగంతో పడితే అంత వేగంతో తిరగడం దానికి కుదరదు, అణువుల లోకాన్ని నడిపే క్వాంటం నియమాలు ఒప్పుకోవు. దాని భ్రమణానికి విడివిడి శక్తి మెట్లుంటాయి. పైకిపోయే కొద్దీ మెట్టుకూ మెట్టుకూ మధ్య ఎత్తు పెరుగుతుంది, మోకాళ్ళ పర్వతం దగ్గర మనకు మెట్లు నిటారుగా తగిలినట్టు. భ్రమణానికి తోడు అణువులో పరమాణువులు స్ప్రింగు కట్టినట్టు కంపిస్తుంటాయి. దానికి వేరే మెట్లు, ఇంకా ఎత్తైనవి. ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు ఎక్కాలంటే ఆ ఎత్తుకు సరిపోయే కాంతినే అణువు మింగుతుంది. మాయమైన ప్రతి రంగు దగ్గరా వర్ణపటంలో ఒక నల్ల గీత పడుతుంది. ఏ రంగుల కాంతి మాయమైందో చూసి అణువు ఏదో, దాని రూపం ఏమిటో చెప్పడమే వర్ణపటశాస్త్రం.

ఇప్పుడు కార్బన్ మోనాక్సైడ్‌నే తీసుకోండి. రెండే పరమాణువులున్న బుజ్జి అణువు. గది వేడిలో ఈ అణువుల గుంపు దాదాపు పాతిక భ్రమణ మెట్ల మీద చెల్లాచెదురుగా ఉంటుంది. ఏడో మెట్టు దగ్గర రద్దీ ఎక్కువ. ప్రతి మెట్టు నుంచీ ఒక గీత, మొత్తం వర్ణపటం గీతల గుంపు. 5 కెల్విన్‌కు దించండి, దాదాపు అన్నీ అడుగునున్న రెండు మూడు మెట్ల మీదే ఉంటాయి. బ్రహ్మోత్సవాల రద్దీలో దారంతా నిండిన జనం ఒక్కసారిగా పాదాల మండపం దగ్గరికి దిగివచ్చి నిలబడ్డట్టు. అప్పుడు ఎవరు ఎక్కడి నుంచి ఏ మెట్టుకు కాలు వేశారో విడమరచి చూడొచ్చు.

ఇది చిన్న అణువు కాబట్టి వేడిలోనూ ఎలాగో చదువుకోగలం. నైట్రోజన్ డయాక్సైడ్ అలా లొంగలేదు. మూడే పరమాణువులున్న ఆ గోధుమరంగు వాయువు వర్ణపటం గదివేడిలో గీతల మీద గీతలు పడి, ఎంతటి నిపుణులకూ అంతుచిక్కని అడవిలా ఉండేది. 1970ల మధ్యలో షికాగో విశ్వవిద్యాలయంలో స్మాలీ, వార్టన్, లెవీ అనే శాస్త్రవేత్తలు దాన్ని ఆర్గాన్‌తో కలిపి సన్నని రంధ్రం గుండా చిమ్మారు. అడవి పలచబడి, లెక్కపెట్టగలిగిన గీతలు మిగిలాయి. ఆ తర్వాత 1985లో, ఇదే పద్ధతితో నడిచే స్మాలీ యంత్రంలోనే 60 కర్బన పరమాణువుల ఫుట్‌బాల్ అణువు సీ60 బయటపడింది. దీని దగ్గరికి మళ్ళీ వస్తాను.

మెట్ల మీద జనాన్ని లెక్కపెట్టి ఉష్ణోగ్రత చెప్పొచ్చన్న సంగతి నాకు మరీ ఇష్టం. 1941లో మెకెల్లర్ అనే కెనడా ఖగోళ శాస్త్రవేత్త, నక్షత్రాల మధ్య మేఘాల్లో ఉన్న సీఎన్ అనే అణువును (ఒక కర్బనం, ఒక నత్రజని) చూశాడు. వెనకనున్న నక్షత్రపు కాంతిలో ఆ అణువులు మింగిన గీతలు 387 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర కనబడ్డాయి. అడుగు మెట్టు మీద ఎన్ని, పై మెట్టు మీద ఎన్ని అని ఆ గీతల ముదురును బట్టి లెక్కవేస్తే ఉష్ణోగ్రత సుమారు 2.3 కెల్విన్ వచ్చింది. సున్నా ఎందుకు కాలేదు? శూన్యంలో ఒంటరిగా ఉన్న అణువును పై మెట్టుకు ఎవరు ఎక్కించారు? ఆ ప్రశ్నను అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1965లో పెంజియాస్, విల్సన్ అనే అమెరికా శాస్త్రవేత్తలు ఆకాశం నలుమూలల నుంచీ వచ్చే రేడియో కాంతిని పట్టుకున్నాకే అర్థమైంది: విశ్వం పుట్టుక నాటి వేడిలో మిగిలిన శేషం అది. నేటి కొలత 2.725 కెల్విన్. 24 ఏళ్ళ ముందే ఒక చిన్న అణువు రెండో మెట్టు మీద నిలబడి ఆ సంగతి చెబుతూనే ఉంది.

అణువుల కంటే పరమాణువులను చల్లార్చడం తేలిక. ఎదురుగా లేజర్ కొట్టి ఆపొచ్చు. సోడియం పరమాణువు ఒక్కో ఫోటాన్‌ను, అంటే ఒక్కో కాంతి రేణువును, మింగినప్పుడు దాని వేగం సెకనుకు 3 సెంటీమీటర్లు తగ్గుతుంది. సెకనుకు వెయ్యి మీటర్లతో వచ్చేదాన్ని ఆపాలంటే ముప్ఫై వేలకు పైగా ఫోటాన్లు కావాలి. ప్రతిసారీ అది బయల్దేరిన మెట్టుకే తిరిగి దిగుతుంది కాబట్టి ఆట సాగుతుంది. అణువు అలా దిగదు. స్ట్రాన్షియం ఫ్లోరైడ్ లాంటి మంచి అణువు కూడా వందసార్లలో రెండుసార్లు వేరే కంపన మెట్టు మీదికి జారుతుంది. అంటే సగటున యాభై ఫోటాన్లకే లేజర్‌కు అందకుండా పోతుంది. జారిన చోట కాపుకాసి మళ్ళీ వెనక్కి నెట్టడానికి అదనపు లేజర్లు పెట్టి, 2010లో యేల్ విశ్వవిద్యాలయం వాళ్ళు దాన్ని చల్లార్చగలిగారు. వేరే దారిలో, 2008లోనే కొలరాడోలో డెబొరా జిన్, జున్ యె బృందం చల్లని పొటాషియం, రుబీడియం పరమాణువులను జతకట్టి కెల్విన్‌లో కోట్ల వంతుల దగ్గర అణువులను తయారు చేసింది. అంత చలిలో రసాయన చర్య ఆగిపోవాలని మన బడిపాఠం. ఆగలేదు. ఆ అణువులు ఒకదానితో ఒకటి చర్య జరుపుకుని మాయమవుతున్నాయని వాళ్ళు చూపించారు. పైగా అణువులన్నీ అన్ని విధాలా ఒకేలా ఉంటే క్వాంటం నియమం వాటిని దగ్గరికి రానివ్వక చర్య నెమ్మదించింది. స్పిన్ (పరమాణు కేంద్రకాలకుండే ఒక క్వాంటం లక్షణం) స్థితి వేరైన వాటిని కలిపితే పది నుంచి వంద రెట్లు జోరందుకుంది.

ఇక సీ60. నక్షత్రాల కాంతిలో, ఏ అణువువో తెలియని వెడల్పాటి నీడ గీతలను 1920ల తొలినాళ్ళలో కాలిఫోర్నియాలో మేరీ లీ హెగర్ గుర్తించింది. ఇప్పుడవి ఐదు వందలకు పైనే. వాటిలో రెండు, 957.7, 963.2 నానోమీటర్ల దగ్గరివి, సీ60 అయాన్‌వి (ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకుని విద్యుదావేశం వచ్చిన సీ60వి) కావచ్చని 1994లో అనుమానం వచ్చింది. కానీ అప్పటి ప్రయోగంలో అయాన్ గడ్డకట్టిన నియాన్‌లో ఇరుక్కుని ఉంది, దాని గీతలు కొంచెం పక్కకు జరిగాయి. స్వేచ్ఛగా, చల్లగా ఉన్న అయాన్ గీతలు కావాలి. ఇరవై ఏళ్ళు పట్టింది.

2015లో స్విట్జర్లాండ్ బాసెల్‌లో మేయర్ బృందం చేసిన పద్ధతి చూడండి. గుండ్రంగా పేర్చిన 22 లోహపు కడ్డీలకు వేగంగా దిశ మారే విద్యుత్తు ఇస్తే నడుమ అయాన్లు బోనులో పడ్డట్టు చిక్కుకుంటాయి. అందులోకి చల్లని హీలియం వదులుతారు. గుద్దుకుని గుద్దుకుని అయాన్లు 6 కెల్విన్‌ల లోపుకు దిగుతాయి. కానీ అయాన్లు అంత కొద్దిగా ఉంటే ఎంత కాంతి తగ్గిందో కొలవడం కుదరదు. అందుకని ఒక్కో అయాన్‌కు ఒక్కో హీలియం పరమాణువును అంటనిచ్చారు. పరమాణు భారాల లెక్కలో సీ60 భారం 720, హీలియంతో కలిపి 724. లేజర్ రంగు మారుస్తూ పోతే, సరైన రంగు దగ్గర అయాన్ కాంతిని మింగుతుంది, ఆ కాస్త శక్తికే హీలియం ఊడిపోతుంది, భారం మళ్ళీ 720. ఏ రంగు దగ్గర 724లు తగ్గాయో లెక్కపెడితే చాలు. ఆకాశంలో గీతలూ బోనులో గీతలూ సరిపోయాయి.

ఆ హీలియానికి మన తెలుగునేలతో చుట్టరికం ఉంది. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణం నాడు ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో నిలబడి సూర్యుడి అంచు జ్వాలల వర్ణపటం చూశాడు. ఆ ఏడాదే ఇంగ్లండులో లాకియర్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఆ జ్వాలల్లోని ఒక పసుపు గీత సోడియంది కాదని గుర్తించాడు. దాని సొంతదారుకు హీలియం అని పేరొచ్చింది. 27 ఏళ్ళ తర్వాత గానీ అది భూమ్మీద చేతికి చిక్కలేదు.

శ్రీకాళహస్తి దారిలో ఏర్పేడు దగ్గర ఐఐటీ, ఐసర్ (విజ్ఞాన విద్య, పరిశోధన సంస్థ) రెండూ ఉన్నాయి. రెండూ 2015లో మొదలైనవే. అణు, పరమాణు, కాంతి శాస్త్రాలకు ఉమ్మడి కేంద్రం పెట్టుకున్నాయి. అయాన్లను బోనులో పట్టి చల్లార్చే పని మన జిల్లాలోనూ సాగుతోందంటే మావాడికి నమ్మకం కుదరలేదు. బయట నలభై దాటిన ఎండ, లోపల బోనులో గడ్డకట్టే చలి.

మోకాళ్ళ పర్వతం దగ్గర కూర్చున్నప్పుడు వాడు అడిగాడు: "మిగతా గీతలు ఎవరివి మామా?"

పెద్ద కర్బన అణువులవని అనుమానం. ఇప్పటిదాకా పేరు ఖాయమైంది సీ60 అయాన్‌కు ఒక్కదానికే. మిగతావాటికి ఒక్కో అణువునూ తయారుచేయాలి, బోనులో పెట్టాలి, అడుగు మెట్టుకు దించాలి, హీలియం అంటించాలి, రంగు తర్వాత రంగు కొట్టి చూడాలి. సరిపోకపోతే ఇంకో అణువు.