చావు జరిగిన ఇంటికి క్రిస్మస్ లేదా? కొన్ని అపోహలు, వాస్తవాలు

డిసెంబర్ మొదలై, క్యారల్స్‌కు వెళ్లవలసిన ఇళ్ల జాబితాను యౌవనస్థులు రాయడానికి కూర్చోగానే, ప్రతి ఏడాదీ కొన్ని పేర్లు దానిలో నుంచి జారిపోతాయి. "వాళ్లకి ఈ ఏడు పండుగ లేదండి, అయ్యగారూ" అని ఎవరో ఒకరు అంటారు, మిగిలినవారు సరేనన్నట్టు తల ఊపుతారు. గుంటూరు ప్రాంతపు క్రైస్తవ సంఘాలలో కాపరిగా (పాస్టరుగా) పనిచేస్తున్న నాకు ఇది ఏటా ఎదురయ్యే మాట. క్రిస్మస్ చుట్టూ అపోహలు చాలానే ఉన్నా, మనుషులకు ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే కనుక దీని గురించే వివరంగా రాస్తాను.

అపోహ: ఇంట్లో మరణం సంభవిస్తే ఆ ఏడాది క్రిస్మస్ ఆచరించకూడదు. స్టార్ కట్టకూడదు, క్యారల్స్‌ను ఇంటికి రానివ్వకూడదు, ఆరాధనకు వెళ్లినా వెనుక కూర్చుని వచ్చేయాలి.

వాస్తవం: ఇలాంటి నియమం బైబిలులో ఎక్కడా లేదు. శవాన్ని ముట్టినవారికి సంఖ్యాకాండము 19వ అధ్యాయం విధించిన అశుద్ధి ఏడు దినాలే తప్ప ఏడాది కాదు, అదీ ఇశ్రాయేలీయుల ధర్మశాస్త్రంలోని మాట. ప్రభువు నాయీను ఊరి విధవరాలిని చూసి కనికరపడి, ఆమె కుమారుని పాడెను తన చేతితోనే ముట్టాడని లూకా 7వ అధ్యాయం చెబుతోంది. ఆయనను ఆరాధించేవారు, భర్తను పోగొట్టుకున్న స్త్రీ గుమ్మం తొక్కడానికి జంకడం ఏ వాక్యాన్ని బట్టి?

ఈ పట్టింపు ఎక్కడిదో ఊహించడం కష్టం కాదు. లూథరన్ మిషనరీ హెయ్యర్ దొర గుంటూరు వచ్చిన 1842 నుంచి లెక్క వేసుకున్నా ఇక్కడి సంఘాలది రెండు శతాబ్దాలు నిండని చరిత్ర. మన బంధువులలో చాలామంది నేటికీ హిందువులే. చావు జరిగిన ఏడాది పండుగ మానుకోవడం వారి ఇళ్లలో పెద్దలపట్ల చూపే గౌరవం. ఆ ఆచారాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయితే మన ఇళ్లలో అది గౌరవంగా కాక భయంగా మిగిలింది. స్టార్ కడితే ఆ ఇంట్లో మరో చావు జరుగుతుందని, ఆ గడపలో పాడితే పాడినవారికి కీడు తగులుతుందని చెప్పేవారిని నేను స్వయంగా విన్నాను. ఈ పుకారును సంఘంలో ఎవరు మోసుకొచ్చినా, వారు ఎంత పెద్దవారైనా, అక్కడికక్కడే ఖండించాలి. నక్షత్రం చూసి అత్యానందభరితులైన జ్ఞానుల కథ చదివే ఆదివారమే నక్షత్రాన్ని చూసి భయపడమని పిల్లలకు నేర్పుతున్నాం.

ఒక ఇంటి సంగతి చెబుతాను. వర్షాకాలంలో జ్వరం వచ్చి భర్త పోయిన ఒక చెల్లెమ్మ, భూస్థాపన అయిన తరువాత మందిరానికి రావడం మానేసింది. డిసెంబర్‌లో నేనూ అమ్మగారూ (నా భార్య) వెళ్లేసరికి ఆ వీధిలో వెలుగు లేని ఇల్లు అదొక్కటే. కిందటి ఏడు ఆయన స్వయంగా కొని కట్టిన కాగితపు స్టార్ అటక మీద ఉంది, దాని వైరు చక్కగా చుట్టి దారంతో కట్టి పెట్టారు. రెండో తరగతి చదివే పాప దానివైపు చూపించి, "మా నాన్నది" అంది. "నాకూ రావాలనే ఉందండీ అయ్యగారూ, వస్తే సిగ్గు లేకుండా పండుగకు వచ్చిందంటారు" అని ఆమె ఏడ్చింది. ఆమెను ఆపుతున్నది దుఃఖం కాదు, దుఃఖంలో ఉన్న మనిషి ఎలా కనబడాలో నిర్ణయించే నలుగురి నోళ్లు.

మేము అక్కడే కూర్చుని లూకా 2వ అధ్యాయం చివరి దాకా చదివాం. క్రిస్మస్ నాడు మనం గొల్లల దగ్గర ఆపేస్తాం కాబట్టి అన్న అనే ప్రవక్త్రి చాలామందికి గుర్తుండదు. పెళ్లైన ఏడేళ్లకే భర్తను పోగొట్టుకుని, ఎనభై నాలుగేళ్ల విధవరాలిగా దేవాలయం విడువకుండా సేవ చేసిన స్త్రీ ఆమె. యెరూషలేములో విమోచన కోసం కనిపెట్టే వారందరితో ఆ పసిబిడ్డ గురించి మాట్లాడినది ఆమే. శుభకార్యంలో విధవ ఎదురు రాకూడదనే దేశంలో ఉంటూ, మన పండుగ వార్తను మొదట చాటినవారిలో ఒక విధవరాలు ఉందన్న సంగతి మనం ప్రసంగాలలో చెప్పకుండా దాటేయడం నాకు బాధగా ఉంటుంది. అదే అధ్యాయంలో సుమెయోను అనే భక్తుడు, మరియ హృదయంలోకి ఖడ్గం దూసుకుపోతుందని ముందే చెప్పాడు. మత్తయి 2వ అధ్యాయంలో హేరోదు బేత్లెహేము మగపిల్లలను చంపిస్తే తల్లుల ఏడ్పు వినబడుతుంది. పాశ్చాత్య సంఘాలు ఆ పిల్లలను క్రిస్మస్ అయిన మూడో రోజునే, డిసెంబర్ 28న, జ్ఞాపకం చేసుకుంటాయి. ఏడుపు వినబడే ఇల్లు క్రిస్మస్ కథకు బయటది కాదు.

ఆ ఏడు క్రిస్మస్ ఉదయం ఆమె ఉతికిన పాత చీరతో పాపను తీసుకుని వచ్చింది. స్త్రీల సమాజం పెద్దమ్మ ఒకామె తన చోటు నుంచి లేచి వెళ్లి, ఆరాధన అయ్యేవరకూ ఆమె పక్కనే కూర్చుంది. ఇంతకు మించి ఎవరూ ఏమీ చేయలేదు, చేయనక్కర కూడా లేదు.

దీనికి అటువైపున మరో తప్పు ఉంది. నిరీక్షణ లేని ఇతరులవలె దుఃఖపడవద్దని పౌలు థెస్సలొనీకయులకు రాసిన మాటను పట్టుకుని, విశ్వాసి ఏడవకూడదని, పండుగ నాడు నవ్వుతూ కనబడాలని బలవంతపెట్టేవారు ఉన్నారు. తన స్నేహితుడైన లాజరు సమాధి దగ్గర ప్రభువే కన్నీళ్లు విడిచాడు. పిండివంటలు చేసే ఓపిక లేకపోతే చేయవద్దు, స్టార్ కట్టే మనసు లేకపోతే కట్టవద్దు. అది మీ ఇష్టం. కాని వాక్యమూ, ప్రార్థనా, ప్రభువు బల్లా (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే సంస్కారం) ఆ ఇంటికి ఆ ఏడు మూసుకుపోయాయని ఎవరూ చెప్పలేరు.

అపోహ: కొత్త బట్టలు లేనిదే క్రిస్మస్ కాదు.

వాస్తవం: వడ్డీకి తెచ్చి బట్టలు కొని, సంక్రాంతి నాటికి వాయిదా కట్టలేక ముఖం చాటేసే కుటుంబాలను చూస్తూనే ఉన్నాను. యోసేపు మరియలు దేవాలయంలో అర్పించినది గువ్వల జత, లేదా రెండు పావురపు పిల్లలు. గొర్రెపిల్లను తేలేని తల్లికి లేవీయకాండము 12వ అధ్యాయం ఇచ్చిన వెసులుబాటు అది. మెదక్ చర్చిని మిషనరీ పాస్నెట్ దొర కరువు కాలంలో పనికి తిండి ఇస్తూ కట్టించారు. 1924 డిసెంబర్ 25న అది ప్రతిష్ఠ అయింది. ఆకలితో ఉన్నవారి చేతులతో లేచిన మందిరంలోకి పాత చొక్కాతో రావడానికి సిగ్గుపడవలసిన పని లేదు.

అపోహ: డిసెంబర్ 25 అన్యుల పండుగ, దానిని ఆచరిస్తే పాపం.

వాస్తవం: ప్రభువు పుట్టిన తేదీని సువార్తలు చెప్పలేదు. రోమా సంఘం 336 నాటికే ఆ రోజున ఆచరించినట్టు ఆధారం ఉంది, అర్మేనియా సంఘం జనవరి 6న ఆచరిస్తుంది. ఆ తేదీని ఎందుకు ఎంచుకున్నారన్నదానిపై పండితులలో ఏకాభిప్రాయం లేదు కాబట్టి, ఫోన్లలో తిరిగే ఐదు నిమిషాల వీడియోను నమ్మి అన్నదమ్ములతో మాటలు మానుకోవద్దు. దినాలను ఎంచే విషయంలో ఒకరికొకరు తీర్పు తీర్చుకోవద్దని రోమా పత్రిక 14వ అధ్యాయం చెబుతోంది.

జ్ఞానులు ముగ్గురని మత్తయి రాయలేదు, కానుకలే మూడు. శాంతా తాత వేషం పిల్లలకు సరదా. అయితే మిఠాయి ఇచ్చే తాత కోసం ఎదురుచూసే పిల్లవాడికి ఆ రోజు పుట్టినది ఎవరో చెప్పే బాధ్యత తల్లిదండ్రులది.

మా సంఘంలో ఇప్పుడు క్యారల్స్ జాబితాను ఆ ఏడు మరణం జరిగిన ఇళ్లతోనే మొదలుపెడుతున్నాం. ముందుగా సంఘపెద్ద ఒకరు వెళ్లి ఇంటివారిని అడుగుతారు. వారు క్యారల్స్ వద్దంటే డప్పులు లేకుండా, నలుగురైదుగురే వెళ్లి, లూకా 2 చదివి, ప్రార్థన చేసి, ఫలహారం ఏమీ అడగకుండా వచ్చేస్తారు. మీ ఇంట్లో ఈ ఏడు అలాంటి దుఃఖం ఉంటే, బంధువులు ఏమంటారో అని ఆగకుండా మీ అయ్యగారికి ఒక మాట చెప్పండి, వారే వస్తారు.