పుట్టంగనే పన్ను, ఆకుపచ్చ పండ్లు, అసలు మొలవని పండ్లు: అపోహలు - వాస్తవాలు

నేను హన్మకొండల పండ్ల డాక్టర్‌ని. పుప్పి పండ్లు, రూట్ కెనాల్, క్లిప్పులు రోజూ ఉండేవే, ఇది వాటి గురించి కాదు. నెలకో రెండు నెలలకో ఒక కేసు వస్తది, నోరు తెరవంగనే ఆగి చూడాల్సిన కేసు, కానీ ఆ పిల్ల నా దాకా వచ్చేలోపే ఇంట్ల, వాడకట్టుల పంచాయితీ అయిపోయి ఉంటది. ఎవరి పాపం, ఎవరి జాతకం, కడుపుతో ఉన్నప్పుడు తల్లి ఏం తిన్నది అని. నేను మొదలు అడిగేది మాత్రం వేరే, ఆ పన్ను లోపల తయారైతున్నప్పుడు పిల్ల వయసెంత, అప్పుడు ఒంట్ల ఏం జరిగింది? ఎందుకంటే పన్ను మీది ఎనామిల్ అనే గట్టి పొర ఒక్కసారే తయారైతది, చర్మం లెక్క, గోరు లెక్క మళ్ళ రాదు, ఆ టైంల జ్వరమొచ్చినా కామెర్లొచ్చినా తాగే నీళ్ళు మంచియి కాకపోయినా ఆ గుర్తు అక్కడ్నే ఉండిపోతది.

అపోహ: పుట్టంగనే పన్ను ఉంటే మేనమామకు గండం, వెంటనే పీకేయాలె.

పరకాల దిక్కు నుంచి ఒక అవ్వ మనుమరాలిని తీస్కొని వచ్చింది, పన్నెండు రోజుల పిల్ల. కాన్పు తల్లిగారింట్లనే అయింది కాబట్టి భయమంతా ఈ అవ్వకే, మేనమామ అంటే ఆమె కొడుకే కదా. ఆటోల తీసుకొచ్చిందీ ఆ పిలగాడే, కానీ లోపలికి రాకుండ తలుపు దగ్గర్నే నిలబడ్డడు. "డాక్టరమ్మా, పీకేయిండ్రి బిడ్డా, మళ్ళ ఆ పన్ను ఇంటికి రావొద్దు" అన్నది అవ్వ. కింది చిగురు మీద ముందు భాగంల బియ్యపు గింజంత పన్ను, వేలు పెట్టి కదిలిస్తే కొంచెం ఊగుతున్నది, అంతే. నాలుక ఎత్తి చూస్తే అడుగున తెల్లగ పుండు, ఆ పదునైన అంచు రాసుకొని రాసుకొని అయింది, అందుకే పాలు పట్టినప్పుడల్లా పిల్ల ఏడుస్తున్నది, ఇంట్ల వాళ్ళేమో ఆ ఏడుపును కూడా గండం లెక్కలనే వేసిండ్రు.

వాస్తవం ఏందంటే సుమారు రెండు మూడు వేల కాన్పులకు ఒక పిల్ల ఇట్ల పుడతది. ఇది ఎక్కువశాతం అదనపు పన్ను కాదు, ఆరు నెలలకు రావాల్సిన పాల పన్నే తొందరగ వచ్చింది, పంటి మొగ్గ చిగురుకు మరీ పైన ఉండుడు వల్ల. పీకేస్తే ఆరేడేండ్లకు గట్టి పన్ను వచ్చేదాక అక్కడ సందే. మరీ ఊగుతుంటే ఊడి గొంతుల పడే ప్రమాదం ఉంటది, అప్పుడు మాత్రం తీసేయాలె, అది కూడా పుట్టినప్పుడు విటమిన్ కె ఇంజెక్షన్ ఇచ్చిండ్రా లేదా చూసుకొని, ఇయ్యకపోతే పది రోజులు దాటినంక, లేకుంటే రక్తం ఆగకపోవచ్చు. ఇంట్ల దారం కట్టి గుంజుడు అస్సలు చేయొద్దు, చేతులెత్తి మొక్కి చెప్తున్న. ఆ పిల్లకు నేను అంచు నున్నగ అరగదీసిన, రెండు నిమిషాల పని. మేనమామను లోపలికి పిలిచి పిల్లను ఆయన చేతులనే పెట్టిన. వారానికి పుండు మానింది, పాలు మంచిగ తాగుతున్నది. పై పండ్లు ముందు మొలిస్తే గండం అనేదీ ఇసొంటిదే, కొందరు పిల్లలకు ఆ వరుస మారుతది, మామకూ దానికీ సంబంధం లేదు.

అపోహ: పండ్లు ఆకుపచ్చగ ఉన్నయంటే నోరు కడగక నాచు పట్టినట్టు.

పుట్టినప్పుడు కామెర్లు బాగ ముదిరినా, పిత్తం పోయే నాళం మూసుకపోయినా రక్తంల బిలిరుబిన్ (కామెర్లల ఒంటిని పసుపు చేసే పదార్థం) చాన రోజులు ఎక్కువుంటది, అప్పుడు తయారైతున్న పాల పండ్లల అది ఇంకిపోతది. ఎంత తోమినా పోదు, రంగు లోపల ఉన్నది. కొన్ని పండ్లల అంచు దిక్కు ఆకుపచ్చగ, చిగురు దిక్కు తెల్లగ, మధ్యల గీత గీసినట్టుంటది, ఆ గీత దగ్గర కామెర్లు తగ్గినయని అర్థం. గట్టి పండ్లు చాలావరకు మామూలుగనే వస్తయి.

అట్లనే చిగురు వెంబడి సన్నగ నల్ల గీత ఉన్న పిల్లలను కూడా పుప్పి అని తీస్కొస్తరు. అది ఒక రకం బ్యాక్టీరియా రంగు, క్లీన్ చేస్తే పోతది, మళ్ళ వస్తది, ఈ పిల్లలకు పుప్పి పండ్లు తక్కువే ఉంటయి చాలామందికి.

అపోహ: గార పండ్లు ఇటుక పొడితో గట్టిగ తోమితే పోతయి, బోరు నీళ్ళు మరగబెడితే చాలు.

ఈ గార తాగే నీళ్ళల ఫ్లోరైడ్ ఎక్కువైతే పడే మరక, దానికి ఇటుక పొడి పెడితే ఉన్న ఎనామిల్ కూడా పోతది, పండ్లు జివ్వుమంటయి. నీళ్ళు మరగబెడితే ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఆవిరైపోయి అది ఇంకా చిక్కనైతది. ఈ మరక పడేది పండ్లు లోపల తయారయ్యే వయసుల, అంటే దాదాపు ఎనిమిదేండ్ల లోపు. అమెరికాల కొలరాడో స్ప్రింగ్స్ అనే ఊర్ల మెకే అనే డెంటిస్ట్ 1901 నుంచి ఈ గోధుమ మరక ఎందుకో వెతికిండు, నీళ్ళల ఫ్లోరైడ్ అని తేలింది 1931ల. మన దేశంల 1937ల ఆంధ్ర దిక్కు పొదిలి ప్రాంతంల ఒళ్ళు వంకర్లు పోయే ఫ్లోరోసిస్‌ను గుర్తించిండ్రు. నల్గొండ పేరు అందరికి తెలుసు, కానీ ఇది ఒక జిల్లా జబ్బు కాదు, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన బోరు ఎక్కడున్నా అంతే. ఒకే ఇంట్ల అక్కకు మరకలు, తమ్మునికి తెల్లటి పండ్లు, తల్లి ఏమో అక్క సరిగ తోమదని తిడతది. అక్క బోరు నీళ్ళు తాగి పెరిగింది, తమ్ముడు పుట్టేసరికి ఇంటికి నల్లా వచ్చింది, తేడా అంతే. ఆ పిల్లను తిట్టకుండ్రి, మరకలు కనపడకుండ చేసే పద్ధతులున్నయి మా దగ్గర.

అపోహ: పండ్లు మొలవలేదంటే కాల్షియం తక్కువ, సిరప్ తాగిస్తే వస్తయి.

ఇది మాత్రం కొంచెం ఆగి చదవండి. నాలుగేండ్ల బాబు, పైన రెండే పండ్లు, అవి కూడా మల్లె మొగ్గ లెక్క కొనతేలి ఉన్నయి, కింద ఏం లేవు. ఏడాదిన్నర నుంచి కాల్షియం తాగిస్తున్నరు. జుట్టు పలచగ, కనుబొమ్మలు ఉన్నయా లేవా అన్నట్టు. నేను తల్లిని అడిగిన, "బాబుకు చెమట పడతదా అమ్మా?" అని. ఆమె చాన సేపు ఆలోచించింది. "ఎన్నడు చూడలే మేడం, ఎండకాలం మాత్రం ఊకె జ్వరమొస్తది" అన్నది.

దీన్ని ఎక్టోడెర్మల్ డిస్‌ప్లేసియా అంటరు, చర్మం, జుట్టు, చెమట గ్రంథులు, పంటి ఎనామిల్ ఒకే పొర నుంచి పుడతయి, ఆ జన్యువుల లోపముంటే అన్నీ దెబ్బతింటయి. ఎక్స్‌రే తీస్తే దవడల పంటి మొగ్గలే లేవు, లేని విత్తనానికి ఎరువేస్తే ఏం మొలుస్తది? సింధ్ ప్రాంతంల ఒక కుటుంబంల నాలుగు తరాలల్ల మగవాళ్ళకు ఇట్లనే పండ్లు, జుట్టు చాన తక్కువుండి, ఎండకు తట్టుకోలేక ఉన్నరని డార్విన్ కూడా రాసిండు. ఎక్కువగ కనపడే రకం తల్లి దిక్కు నుంచి కొడుకుకు వస్తది, ఒక్కోసారి ఎవరి దిక్కు నుంచీ రాకుండ కొత్తగనే పుడతది. ఎట్లయినా తల్లి చేసిన తప్పు ఏం లేదు, ఇది ఆమె అత్తగారి ముందటనే చెప్పిన. పండ్ల కన్నా ముందు ఎండ సంగతి చూడాలె, మన దిక్కు మే నెల ఎండల చెమట పట్టని పిల్లగాడు ప్రాణం మీదికి తెచ్చుకుంటడు. తడి బనీను, నీళ్ళ సీసా, బడిల టీచర్‌కు ముందే చెప్పుడు. ఆ వయసుల కూడా చిన్న కట్టుడు పండ్లు పెట్టొచ్చు, పెరిగినకొద్ది మారుస్తం.

అపోహ: చిన్నప్పుడే పండ్లన్ని ఊగి ఊడినయంటే తీపి ఎక్కువ తిన్నట్టు.

తీపికి పుప్పి పడతది, పుప్పి లేని పండ్లు తీపి వల్ల వరుసగ ఊడవు. నాలుగైదేండ్లకే పాల పండ్లన్ని ఊగుతూ, చిగుళ్ళు వాచి, అరచేతులు అరికాళ్ళు మందంగ పగిలి ఉన్నయంటే పాపియాన్ లెఫెవ్ర్ సిండ్రోమ్ అని అనుమానపడాలె. తల్లి దిక్కు నుంచి, తండ్రి దిక్కు నుంచి రెండు జన్యువులూ లోపంతో వస్తేనే ఈ జబ్బు, అందుకే మేనరికాలల్ల ఎక్కువ కనపడతది. చాన అరుదు, పది లక్షల మందిల ఒకరి నుంచి నలుగురు. చేతులకు చర్మం డాక్టర్ దగ్గర, నోటికి మా దగ్గర వేర్వేరుగ తిరుగుతరు, రెండూ కలిపి చూసేవాళ్ళే ఉండరు. చేతులు కూడా చూపియ్యండి, మేము అడగకపోయినా.

అపోహ: పండ్లు ఎక్కువుంటే అదృష్టం.

చెన్నైల 2019ల ఏడేండ్ల బాబు దవడల గడ్డ నుంచి 526 చిన్న చిన్న పండ్లు తీసిండ్రు. మాకు మామూలుగ కనపడేది పై ముందు పండ్ల నడుమ ఒక్క కొనదేలిన పన్ను, అది గట్టి పండ్లకు అడ్డం పడతది. ఏడెనిమిదేండ్లకు ఒక దిక్కు ముందు పన్ను వచ్చి రెండో దిక్కు ఆర్నెల్లు దాటినా రాకపోతే ఎక్స్‌రే తీయించండి.

ఇసొంటి పిల్లలతోని వచ్చేటప్పుడు పుట్టినప్పటి డిశ్చార్జ్ కాగితం ఉంటే తెచ్చుకోండి, మొదటి మూడేండ్లల వాడిన మందుల చీటీలు, అప్పుడు ఏ నీళ్ళు తాగిండ్రో అది కూడా గుర్తు చేసుకొని రాండ్రి, సగం జవాబు వాటిలనే దొరుకుతది.