అన్నీ ఒకే కార్లయితే గెలిచేదెవరు?

జయపురం,
కోరాపుట్ జిల్లా

చిరంజీవులైన పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

వేసవి సెలవులకి వచ్చినప్పుడు ఫోన్లో రేసు పెట్టుకుని చూస్తూ నన్నొక మాట అడిగారు. "తాతయ్యా, అన్నీ అవే కార్లు కదా, రంగులే వేరు. ఇంక పోటీ ఏముంది?" అని. జీవితమంతా లారీల కింద దూరి బతికినవాణ్ణి. బండి గురించి ఎవరైనా అడిగితే సగం చెప్పి ఊరుకోలేను. అందుకే ఈ ఉత్తరం.

మీరు ఎక్కువగా చూసే ఫార్ములా వన్‌లో ఏ జట్టు కారు ఆ జట్టే తయారుచేసుకుంటుంది. కాబట్టి ఎంత గొప్ప డ్రైవరైనా కారు బాగోకపోతే వెనకబడిపోతాడు. గెలుపులో మనిషి వంతు ఎంతో, ఇంజనీర్ల వంతు ఎంతో తేల్చడం కష్టం. ఒకే కంపెనీ, ఒకే మోడల్ కార్లతో నడిపే వన్ మేక్ రేసుల్లో ఆ చిక్కు చాలావరకు పోతుంది. 1979లో బీఎండబ్ల్యూ వాళ్లు ఎమ్1 అనే స్పోర్ట్స్ కారుతో ప్రోకార్ అని ఒక సిరీస్ పెట్టారు. ఫార్ములా వన్ ప్రాక్టీసులో ముందున్న డ్రైవర్లను తెచ్చి, మిగతా పోటీదారులతో పాటు అవే ఎమ్1 కార్లలో కూర్చోబెట్టారు. ఆ ఏడాది నికీ లౌడా, మరుసటి ఏడాది నెల్సన్ పికే గెలిచారు. ఫెరారీ, రెనో డ్రైవర్లు మాత్రం అందులో నడపలేదు. వాళ్ల జట్లకి మిషెలిన్ టైర్ల కంపెనీతో ఒప్పందం, ఎమ్1కేమో గుడ్‌ఇయర్ కంపెనీ టైర్లు. రెండేళ్లకే ఆ సిరీస్ ఆగిపోయింది. నాకిప్పటికీ అది బాధే.

మీరు చూసింది పోర్షే కంపెనీ 911 కార్లతో నడిపే వన్ మేక్ సిరీస్, పోర్షే సూపర్‌కప్. 1993లో మొదలైంది, యూరప్‌లో ఫార్ములా వన్ జరిగే చోట్లే దీన్నీ నడుపుతారు. 2021లో వచ్చిన 911 జీటీ3 కప్ కారుకి నాలుగు లీటర్ల ఇంజన్, సుమారు 510 హార్స్‌పవర్. ఇంజన్‌కి కంపెనీ సీలు వేసి ఇస్తుంది, జట్లు దాన్ని విప్పడానికి లేదు. టైర్లు అందరికీ మిషెలిన్‌వే. పెట్రోలు కూడా అందరికీ ఒకటే. మరి మెకానిక్కులు చేసేదేమిటంటే టైర్లలో గాలి ఎంత ఉండాలి, వెనక రెక్క ఎంత ఏటవాలుగా ఉండాలి, చక్రాలు ఏ కోణంలో నిలబడాలి, కారు నేలకి ఎంత ఎత్తులో ఉండాలి అన్నవి చూసుకోవడం. చిన్న పనుల్లా కనిపిస్తాయి గానీ వీటి మీదే పూటలకి పూటలు గడిచిపోతాయి.

ఇక అసలు సంగతి బ్రేకు. ఇది మీకు బాగా అర్థం కావాలి.

సాలూరు నుంచి మన వైపు సుంకి ఘాటీ ఎక్కిన బస్సు గుర్తుందిగా. డ్రైవరు బ్రేకు తొక్కగానే మీరందరూ ముందు సీటు మీద పడతారు. అలాగే బండి బరువు కూడా ముందు చక్రాల మీదకి వస్తుంది. బరువు పడ్డ చక్రానికి పట్టు పెరుగుతుంది, బరువు తగ్గిన చక్రానికి పట్టు తగ్గుతుంది. 911లో ఇంజన్ వెనక ఇరుసుకి కూడా వెనక వేలాడుతూ ఉంటుంది. అంటే ముక్కు తేలిక, తోక బరువు. డ్రైవరు మలుపు ముందర బ్రేకుని ఒక్కసారి గట్టిగా తొక్కుతాడు. అప్పుడు బరువు ముందుకొచ్చి ముందు టైర్లు రోడ్డుని పట్టుకుంటాయి. స్టీరింగ్ తిప్పడం మొదలుపెట్టాక బ్రేకు పూర్తిగా వదిలేశాడనుకోండి, ముక్కు తేలికైపోయి కారు తిరగకుండా తిన్నగా బయటికి పోతుంది. అలాగని అవసరానికి మించి తొక్కి ఉంచితే, వెనక చక్రాలు పట్టు వదిలేసి ఆ బరువు తోక గిర్రున ముందుకి తిరిగొస్తుంది. ఈ రెండింటి నడుమ, స్టీరింగ్ తిరిగేకొద్దీ పాదాన్ని కొద్దికొద్దిగా పైకి తీస్తూ పోవాలి. పైగా సూపర్‌కప్‌లో ఈ 2021 నాటి కార్లకి ఏబీఎస్ (గట్టిగా తొక్కినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) సాయం ఉండేది కాదు. కాస్త ఎక్కువ తొక్కితే చక్రం తిరగడం ఆగి రోడ్డు మీద రాసుకుంటూ పోతుంది, టైరు ఒకచోట చదునుగా అరిగిపోతుంది. ఆపైన రేసు అయ్యేదాకా కారు దడదడలాడుతూనే ఉంటుంది. రేసు అరగంటే, టైర్లు మార్చుకోవడం ఉండదు.

ఒకటి గట్టిగా చెప్తున్నా. ఈ పాఠం మన ఘాటీలో బైకు మీద ప్రయత్నించేది కాదు. రేసు కారులో మనిషి చుట్టూ ఇనుప పంజరం ఉంటుంది, మలుపు బయట కంకర పరిచి ఉంటుంది, జెండాలు పట్టుకున్న మనుషులు, అంబులెన్సు సిద్ధంగా ఉంటారు. ఇక్కడ ఎదురుగా లోడు లారీ వస్తుంది, పక్కన లోయ ఉంటుంది. మా షెడ్డుకి వచ్చిన బళ్లు ఎలాంటి స్థితిలో వచ్చేవో చూసినవాణ్ణి చెప్తున్నాను.

అందరి ఇంజనూ ఒకటే అయినప్పుడు ముందున్నవాణ్ణి దాటేదెలా? ముందు కారు గాలిని చీల్చుకుంటూ పోతుంది కాబట్టి దాని వెనకున్నవాడికి గాలి అడ్డు తగ్గుతుంది. పొడుగాటి తిన్నటి రోడ్డు మీద వాడికి కొంచెం ఎక్కువ వేగం వస్తుంది. అదే మలుపులోకి వచ్చేసరికి ఆ చెదిరిన గాలి వల్లే వాడి కారుకి పట్టు తగ్గుతుంది. అందుకే ఇటలీలోని మోంజాలో కార్లు ఒకదాని వెనక ఒకటి బారుగా పోతూ స్థానాలు మార్చుకుంటాయి. మొనాకో ఊరి వీధుల్లో, 3.337 కిలోమీటర్ల ట్రాక్ మీద, దాటడానికి చోటే దొరకదు. అక్కడ క్వాలిఫయింగ్‌లో (రేసులో ఎవరు ఎక్కడ నిలబడాలో తేల్చే పోటీలో) ముందు నిలబడ్డవాడికే సగం రేసు చేతికొచ్చినట్టు. ఆ రోజు డ్రైవర్లకి ఉండే టెన్షన్ అంతా ఇంతా కాదు.

ఒక్క రేసు చూసి ఎవడు గొప్పో తేల్చేయకండి. 2024 సీజన్లో ఎనిమిది రేసులు. ఇమోలాతో మొదలై మొనాకో, ఆస్ట్రియాలో రెడ్‌బుల్ రింగ్, సిల్వర్‌స్టోన్, హంగరీ, బెల్జియంలో స్పా, నెదర్లాండ్స్‌లో జాండ్‌వూర్ట్, చివరికి మోంజా. గెలిచినవాడికి 25 పాయింట్లు, రెండోవాడికి 20. లెక్క వేయండి. నాలుగు రేసుల్లో రెండు గెలిచి, రెండింట్లో గుద్దుకుని బయటికొచ్చినవాడికి 50. నాలుగింట్లోనూ రెండో స్థానంలో వచ్చినవాడికి 80. ఒక్క రేసూ గెలవనివాడే ముందున్నాడు! నెదర్లాండ్స్ డ్రైవర్ లారీ టెన్ వూర్డే 2020, 2021, 2024లలో టైటిల్ కొట్టాడు. అవే కార్లలో మూడుసార్లు ఒకే మనిషి ముందుకి రావడమే మీ ప్రశ్నకి నా జవాబు. 2014 చాంపియన్ ఎర్ల్ బాంబర్‌ని పోర్షే తన పెద్ద కారులో కూర్చోబెడితే, 2015లో ఇద్దరు సహచరులతో కలిసి లె మాన్ 24 గంటల రేసు గెలిచాడు.

మన దేశంలోనూ ఇలాంటివి ఉన్నాయి. 2010లో ఫోక్స్‌వాగన్ పోలో కార్లతో కప్ మొదలైంది. 2022లో హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ పక్క రోడ్ల మీద ఇండియన్ రేసింగ్ లీగ్ జరిగింది. అందులో అందరివీ వుల్ఫ్ కంపెనీ చిన్న రేసు కార్లే. జట్లలో అమ్మాయిలు కూడా నడిపారు. మన ఇంట్లో ఆడపిల్లలకి ఈ సంగతి ప్రత్యేకంగా చెప్తున్నాను.

వచ్చే సీజన్ మొదటి రేసు నుంచి ఒక నోటుబుక్ పెట్టండి. ఎవడెక్కడ మొదలుపెట్టాడు, ఎక్కడ ముగించాడు, ఎన్ని పాయింట్లు వచ్చాయి, మీ చేత్తో రాయండి. మలుపు దగ్గర టైరు నుంచి పొగ వస్తే ఆ కారు నంబరు కూడా పక్కన రాసుకుని, దాని తర్వాతి ల్యాపులు (ట్రాక్ చుట్లు) గమనించండి. సగం సీజన్ అయ్యాక ఆ నోటుబుక్ ఫొటోలు నాకు పంపండి.

ఇట్లు,
మీ తాతయ్య