గోవా బైక్ ట్రిప్: అపోహలు, వాస్తవాలు, తెల్ల బోర్డు కథ

నవంబరు వచ్చిందంటే నాకు రెండే రకాల కాల్స్. "అన్నా, హైదరాబాద్ నుంచి గోవాకి మా బండ్ల మీదే పోదామనుకుంటున్నాం" అనేవాళ్లు కొందరు. "రైల్లో వెళ్లి అక్కడే బండి రెంట్‌కి తీసుకుంటాం" అనేవాళ్లు కొందరు. పదకొండేళ్లుగా ఈ రూట్లో గ్రూపుల్ని తిప్పుతున్నాను. మొదటి రకం వాళ్లకు లేనిపోని భయాలన్నీ ఉంటాయి. రెండో రకం వాళ్లకు భయమే ఉండదు. నిజానికి ఉండాల్సింది వాళ్లకే.

అపోహ: "నంబరు బోర్డు ఏ రంగుదైతే ఏంటన్నా, బండి బండే కదా!"

కాదు. దీని దగ్గర మాత్రం నన్ను కాస్త ఎక్కువసేపు మాట్లాడనివ్వండి.

అద్దెకు తిప్పడానికి రిజిస్టరైన బండికి నల్ల బోర్డు మీద పసుపు అక్షరాలుంటాయి. 1997 నాటి రెంట్ ఎ మోటార్ సైకిల్ స్కీమ్ కింద లైసెన్సు ఉన్నవాళ్లే ఆ బండ్లు ఇవ్వాలి. తెల్ల బోర్డు మీద నల్ల అక్షరాలుంటే అది సొంత బండి, అద్దెకు ఇవ్వకూడదు. అయినా ఇస్తారు. రోజుకు నూరో నూటయాభయ్యో తగ్గించి, "పోలీసులు ఆపితే ఫ్రెండ్ బండి అని చెప్పండి" అని ఒక డైలాగ్ కూడా నేర్పి పంపిస్తారు. జనం దీన్ని చలాన్ సమస్య అనుకుంటారు. చలాన్ చాలా చిన్న విషయం.

రెండేళ్ల కిందట ఖమ్మం కుర్రాడొకడు ఫోన్ చేసి తెల్ల బోర్డు బండి తీసుకోవచ్చా అని అడిగాడు. వద్దన్నాను. "ఇన్సూరెన్స్ ఉందంట అన్నా, పేపర్ కూడా చూపించాడు" అన్నాడు. మూడు రోజుల తర్వాత రాత్రి పదకొండున్నరకు మళ్లీ ఫోన్. బీచ్ వైపు వెళ్లే సందుల్లో మలుపు దగ్గర ఇసుక కొట్టుకొచ్చి రోడ్డు మీద పలచగా పరుచుకుని ఉంటుంది, రాత్రిపూట కనపడదు. దాని మీద ముందు బ్రేకు పట్టాడు. భుజం దగ్గర ఎముక విరిగింది. వెనక కూర్చున్న భార్యకు మోకాళ్లు చెక్కుకుపోయాయి. ఆగి ఉన్న ఇంకొకరి స్కూటర్ హెడ్‌లైటు పగిలింది. బండి ఓనరుకు ఫోన్ చేస్తే "నేను నీకు రెంట్‌కి ఇవ్వలేదు కదా, వాడుకోమని ఇచ్చాను" అన్నాడట. తను నేర్పిన డైలాగే తిరగేసి చెప్పాడన్నమాట. పైగా కుర్రాడి ఒరిజినల్ డ్రైవింగ్ లైసెన్సు ఆ ఓనరు దగ్గరే ఉండిపోయింది.

ఇన్సూరెన్స్ ఉన్నమాట అబద్ధం కాదు. కానీ సొంత బండి పాలసీలో ఏ పనికి వాడాలో చెప్పే పేరా ఒకటి ఉంటుంది, అద్దెకు తిప్పితే కవర్ లేదని అందులోనే రాసి ఉంటుంది. కాబట్టి బండి రిపేరు క్లెయిమ్ పోయినట్టే. అవతలివాళ్లకు దెబ్బలు తగిలితే, చాలా కేసుల్లో కోర్టు ముందు కంపెనీని కట్టమని, తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోమంటుంది. ఆ ఓనరు ఎవరి ఇంటికొస్తాడో ఊహించుకోండి.

ఇంకో సంగతి, ఇది నల్ల బోర్డు తీసుకున్నవాళ్లకు కూడా. పాలసీలో కనపడే 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ బండి ఎవరి పేరు మీద ఉందో ఆ ఓనరు నడిపినప్పుడే. అద్దెకు తీసుకుని నడిపే మీకు కాదు. వెనక కూర్చున్నవాళ్లకు కవర్ ఉండాలంటే అవతలివాళ్ల నష్టానికే పనికొచ్చే థర్డ్ పార్టీ ఒక్కటే చాలదు, బండి నష్టం కూడా కలిపి ఉండే ప్యాకేజీ పాలసీ ఉండాలి. అందుకే మా గ్రూపులో ఎవరి పేరు మీద వాళ్లు సొంతంగా పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ తీసుకుంటే తప్ప బయల్దేరనివ్వను. హోటల్ రూముకు పెట్టే ఖర్చు ముందు అదొక లెక్క కాదు.

డబ్బులిచ్చేముందు రెండు నిమిషాలు ఆగి, బండ్ల వివరాలు చూపించే ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్‌లో బండి నంబరు కొట్టండి. వెహికల్ క్లాస్ దగ్గర "యూజ్డ్ ఫర్ హైర్" అని ఉందా, ఇన్సూరెన్స్, పొల్యూషన్ తేదీలు దాటిపోయాయా అన్నది అక్కడే తేలిపోతుంది. తర్వాత బండి చుట్టూ తిరిగి ఒక వీడియో తీయండి. ఫుట్‌రెస్టు చివర, బ్రేకు లివరు కొస, సైలెన్సర్ కింది భాగం దగ్గరగా చూపించండి, ఎందుకంటే తిరిగిచ్చేటప్పుడు గీతల పంచాయితీ వచ్చేది వాటి దగ్గరే. ఓనరు ముఖం చిట్లించినా సరే, తీయండి. ఒరిజినల్ లైసెన్సు మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు. దాని బదులు ఇంకో వెయ్యి డిపాజిట్ అడిగితే కట్టేయండి.

అపోహ: "వేరే స్టేట్ బండి అయితే ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కావాలి"

అక్కర్లేదు. వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితేనే రీ-రిజిస్ట్రేషన్ గొడవ. మీరు వెళ్లేది వారం రోజులకు. డిజిలాకర్‌లోనో ఎంపరివాహన్‌లోనో ఉన్న ఆర్సీ, లైసెన్సు చెల్లుతాయి. ఘాట్‌లో సిగ్నల్ ఉండదు కాబట్టి జిరాక్సులూ పెట్టుకోండి.

అపోహ: "టూవీలర్లకు కూడా టోల్ పెట్టేశారంట"

2025 జూన్‌లో పుట్టిన పుకారు ఇది. కేంద్ర మంత్రి గడ్కరీ అదే రోజు కాదని చెప్పారు. వాట్సాప్‌లో మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది. దయచేసి నాకు ఫార్వర్డ్ చేయకండి.

అపోహ: "కారు లైసెన్స్ ఉందిగా, స్కూటీకేం!"

చెల్లదు. గేర్ లేని స్కూటీకైనా టూవీలర్ క్లాస్ లైసెన్సులో ఉండాల్సిందే.

అపోహ: "350 సీసీ కింద అయితే అంతదూరం రాదు"

నల్లగొండ నుంచి ఒక టీచరమ్మ 125 సీసీ స్కూటర్ మీద వస్తానని, గ్రూపుకు భారమవుతానేమోనని నాలుగుసార్లు ఫోన్ చేశారు. గోవా చేరాక అందరికంటే తక్కువ అలిసిపోయింది ఆవిడే. గంటకోసారి ఆగారు, నీళ్లు తాగారు, ఎవరితోనూ పోటీ పడలేదు. పెద్ద బండి కుర్రాళ్లు నడుములు పట్టుకుని కూర్చున్నారు. భయపడుతున్నారంటే మీరు జాగ్రత్తగా నడుపుతారనే నా నమ్మకం.

అపోహ: "మ్యాప్‌లో 13 గంటలు చూపిస్తోంది, ఒక్కరోజులో కొట్టేద్దాం"

దారిని బట్టి 650 నుంచి 700 కిలోమీటర్లు. మ్యాప్ లెక్క కారుకు. మనం వెళ్లేది పడమరకు, మధ్యాహ్నం మూడు దాటాక ఎండ నేరుగా కళ్లలో కొడుతుంది. అప్పటికి కాళ్లు, నడుము అయిపోతాయి. ఆ అలసటతో చీకట్లో, బెళగావి దాటాక గోవాలోకి దిగే చోర్లా ఘాట్ దిగడం అంత తెలివితక్కువ పని ఇంకొకటి లేదు. బెళగావిలో పడుకోండి. తెల్లారి ఇడ్లీ తిని బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి పణజీలో ఉంటారు.

అపోహ: "గోవాలో తీసుకున్న బండి మీద గోకర్ణ కూడా పోయిరావచ్చు"

అగ్రిమెంటు చదవండి. చాలామంది గోవా దాటొద్దనే రాస్తారు. కర్ణాటక సరిహద్దులోని పోళెం చెక్‌పోస్టు దాటాక బండి ఆగిపోతే ఫోన్ ఎత్తేవాడుండడు.

అపోహ: "బీచ్‌లో బండి దింపి రీల్ తీసుకోవచ్చు"

కేసు పెడతారు. కేసు లేకపోయినా, తడి ఇసుకలో వెనక చక్రం దిగబడిందంటే సముద్రపు పోటు మీకోసం ఆగదు.

అపోహ: "రైల్లో వేస్తే బండి మనతోపాటే దిగుతుంది"

మీ టికెట్ మీద లగేజీగా బుక్ చేస్తే మీ రైల్లోనే వచ్చే అవకాశం ఎక్కువ, అదీ చోటుంటేనే. పార్శిల్‌గా వేస్తే వేరే రైల్లో తీరుబడిగా రావచ్చు. ఏదైనా ట్యాంకు ఖాళీ చేసే ఎక్కిస్తారు. దిగిన చోట దగ్గర్లో బంకు ఎక్కడుందో ముందే చూసుకోండి. నేను మొదటిసారి చూసుకోలేదు. మడ్గావ్ స్టేషన్ బయట బండికి చుట్టిన గోనెపట్టాలు కోసి పారేసి, 190 కిలోల బుల్లెట్‌ను తోసుకుంటూ మిట్టమధ్యాహ్నం బంకుకు చేరితే, అక్కడి కుర్రాడు ముందు నాకు నీళ్ల బాటిల్ ఇచ్చి, ఆ తర్వాత పెట్రోలు కొట్టాడు.