జల్లెడ కాని జల్లెడ

ఓ పాఠకుడు అడిగారు: "హెపా ఫిల్టర్ 0.3 మైక్రాన్ల కణాల్ని పట్టేస్తుందంటారు. చాలా వైరస్‌లు 0.1 మైక్రానే కదా, అవి దూరిపోవా?"

హెపా అంటే గాలిలోని అతి సన్నటి కణాల్ని పట్టే ఫిల్టర్, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. సందేహం న్యాయమైనదే. తప్పంతా ఫిల్టర్ అనగానే జల్లెడ బొమ్మ గీసే పాఠాలది. నేనూ ఒకప్పుడు బోర్డు మీద అదే గీశాను. ఆ బొమ్మ ప్రకారం పెద్దవి ఆగుతాయి, చిన్నవి జారిపోతాయి. కానీ సూక్ష్మదర్శినిలో చూస్తే కనిపించేది అడ్డదిడ్డంగా పడున్న సన్నటి పోగుల గుట్ట. వాటి మధ్య ఖాళీలు చాలాచోట్ల కణం కంటే ఎన్నో రెట్లు పెద్దవి.

స్తంభాలు కిక్కిరిసిన ఓ హాలు అనుకోండి. దారి వంకరటింకర. ఏ స్తంభానికి తగిలినా అక్కడే అతుక్కుపోతారు. సుమారు మైక్రాను దాటిన కణం బరువైన లారీ లాంటిది: గాలి మలుపు తిరిగినా అది తిరగలేక నేరుగా వెళ్లి గుద్దుకుంటుంది. మరీ చిన్న కణం తాగినవాడు. చుట్టూ ఉన్న గాలి అణువులు తలో వైపు తోస్తుంటే తూలుతూ నడుస్తుంది. 1827లో వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ బ్రౌన్ నీటిలో చూసిన తూలుడు ఇదే. దాని వెనక అణువుల ఢీకొట్టుళ్లున్నాయని 1905లో ఐన్‌స్టీన్ లెక్కకట్టి చూపాడు. తూలేవాడు ఏదో ఒక స్తంభానికి తగలకుండా ఆ హాలు దాటడం కష్టం. గాలి నెమ్మదిగా కదిలితే ఇంకా కష్టం, తూలడానికి ఎక్కువ సేపు దొరుకుతుంది. లారీది దీనికి తలకిందులు: వేగం పెరిగితేనే గుద్దుకునేది.

ఇక మిగిలింది మధ్యవాడు. గుద్దుకునేంత బరువు లేదు, తూలేంత తేలిక కాదు. గాలితో పాటే ఒద్దికగా మలుపులు తిరిగి, భుజం రాసుకుంటే తప్ప దొరక్కుండా బయటపడతాడు. ఇలాంటి కణాల సైజు పోగు మందాన్ని, గాలి వేగాన్ని బట్టి మారుతుంది, హెపాలో 0.1 నుంచి 0.3 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. అంటే హెపా మీద 0.3 దగ్గర 99.97 శాతం పడుతుందని రాయడమంటే, ఫిల్టర్‌ని దాదాపు దాని బలహీనమైన చోటే పరీక్షించారన్నమాట. పైగా వైరస్ సాధారణంగా ఒంటరిగా ఎగరదు, తుంపర ఎండగా మిగిలిన పదార్థంతో కలిసి ఉంటుంది.

వెంటిలేషన్ ఫిల్టర్ల మీద కనిపించే, కణాల్ని ఎంత బాగా పడతాయో చెప్పే మెర్వ్ అంకెలోనూ ఇదే జాగ్రత్త ఉంది. పేరులో మొదటి అక్షరానికి అర్థమే 'కనిష్ఠ'. ఆష్రే అనే అమెరికా ఇంజినీర్ల సంఘం పెట్టిన 52.2 పరీక్షలో కణాల్ని మూడు గుంపులుగా చూస్తారు: 0.3–1, 1–3, 3–10 మైక్రాన్లు. మెర్వ్ 8 పెద్ద గుంపులో కనీసం 70 శాతం పట్టాలి. అతిచిన్న గుంపులో దాన్ని ఏమీ అడగరు. మెర్వ్ 13 ఆ మూడు గుంపుల్లో వరుసగా 50, 85, 90 శాతం పట్టాలి. పరీక్షలో దుమ్ము విడతలుగా ఎక్కిస్తూ, ప్రతి సైజుకీ వచ్చిన అతి తక్కువ ఫలితాన్నే తీసుకుంటారు. మామూలు పోగుల ఫిల్టర్ దుమ్ము పట్టేకొద్దీ మెరుగవుతుంది (గాలి ఆడడం కష్టమవుతుంది, ఫ్యాన్‌కి భారం, అది వేరే సంగతి). విద్యుదావేశం పెట్టిన పోగులది వేరే కథ: ఆవేశం తగ్గితే పట్టూ తగ్గుతుంది. అందుకే ఆవేశం పోగొట్టి కొలిచే మెర్వ్-ఎ అనే ఐచ్ఛిక పరీక్ష కూడా ఉంది. కొనేవాళ్లలో దాని గురించి అడిగేవాళ్లు తక్కువ.

నాకు చిరాకు తెప్పించేది ఇంకోటి: హెచ్13, మెర్వ్ 13 ఒకటేననుకోవడం. హెపా ఫిల్టర్ల యూరప్ కొలమానంలో హెచ్13 తరగతి తనకు అతి కష్టమైన సైజులో కూడా 99.95 శాతం పట్టాలి. మెర్వ్ 13 చిన్న గుంపులో సగం వదిలేసినా పాసే.

ఆ మధ్య నా ఫిల్టర్ బయటికి తీశాను. మధ్యభాగం బూడిదరంగులో ఉంది. ఫ్రేము ఒక అంచు వెంట మాత్రం వేలెడు వెడల్పున నల్లటి చార. ఆ పక్క ఫ్రేము సరిగా కూర్చోలేదు. నెలల తరబడి లారీలూ తాగినవాళ్లూ అందరూ హాలు వదిలేసి ఆ పక్క తలుపులోంచే వెళ్లిపోయారు.