పేరు మార్చొచ్చు, వేలిముద్ర మారుతుందా?

2022 సెప్టెంబరు మొదట్లో రాచకొండ పోలీసులు బయటపెట్టిన ముఠా కేసు చాలామందికి గుర్తుండే ఉంటుంది. కువైట్ నుంచి తిప్పి పంపేసినవాళ్ల వేలికొనలకు సర్జరీ చేసి, మళ్లీ అక్కడికే వెళ్లేలా చేసే ముఠా అది. పైచర్మం కోసి, లోపలి కణజాలం కొంత తీసేసి కుట్లు వేస్తారు. గాయం మానాక ఏడాది దాకా ముద్ర వేరుగా పడుతుంది. ఆ ముద్రతో ఆధార్ అప్‌డేట్ చేయించుకుని, చిరునామా మార్చుకుని మళ్లీ వీసా ప్రయత్నాలు. మనిషికి 25,000 రూపాయలు. నిందితుల్లో కడప జిల్లావాళ్లున్నారు, దొరికింది ఘట్‌కేసర్‌లో. కత్తి పట్టింది ఎక్స్‌రే, మత్తుమందు విభాగాల్లో పనిచేసే సిబ్బంది.

కూలిపని కోసం వేళ్లు కోయించుకునేదాకా వ్యవహారం ఎలా వచ్చింది?

1970ల్లో చమురు ధర పెరిగి గల్ఫ్ దారి తెరుచుకున్నాక, చాలాకాలం సరిహద్దు దగ్గర మనిషంటే పాస్‌పోర్టే. పంపేసినవాడి పేరు, పుట్టినతేదీ కంప్యూటర్లో ఎక్కిస్తారు. వాడు ఊరికొచ్చి, ఏజెంటును పట్టుకుని ఇంకో పాస్‌పోర్టు తీస్తాడు. మన పేర్లతో ఇది మరీ తేలిక. ముందున్న ఇంటిపేరు వెనక్కి పోయి, రాజయ్య కాస్తా రాజన్న అయితే చాలు, కౌంటర్లో అధికారికి కొత్త మనిషే.

ఈ కంతను పూడ్చడానికి యూఏఈ కంటిని ఎంచుకుంది. కనుపాప చుట్టూ ఉండే ఐరిస్ గీతలతో మనిషిని గుర్తించవచ్చన్న ఆలోచనకు 1987లో ఇద్దరు అమెరికన్ కంటి డాక్టర్లు, ఫ్లోమ్, సాఫిర్, పేటెంటు తీసుకున్నారు. దాన్ని లెక్కల్లోకి దించింది కేంబ్రిడ్జి ఆచార్యుడు జాన్ డాగ్‌మన్. ఆయన పేటెంటు 1994లో వచ్చింది. పరారుణ కాంతిలో ఫొటో తీసి, ఆ గీతలను 2,048 బిట్ల కోడ్‌గా మారుస్తారు. యూఏఈ 2001లో మొదలుపెట్టి, కొద్ది ఏళ్లలోనే తన విమానాశ్రయాలు, ఓడరేవులు, రోడ్డు సరిహద్దులన్నిటికీ దీన్ని పాకించింది. దేశం నుంచి పంపేసేవాళ్ల కళ్లను ముందే ఫొటో తీసి పెట్టుకుంటారు. కొత్తగా దిగేవాళ్ల కళ్లను ఆ జాబితాతో పోలుస్తారు.

జనం ఊరుకుంటారా? విమానం దిగేముందు అట్రోపిన్ చుక్కలు వేసుకోవడం మొదలైంది. కంటి డాక్టరు పరీక్షకు ముందు పాప పెద్దది కావడానికి వేసే మందుల్లో ఒకటి అది. పాప విచ్చుకుంటే ఐరిస్ సన్నని అంచులా మిగులుతుంది, కోడ్ కుదరదు. అధికారులు అదీ కనిపెట్టి, పాపకూ ఐరిస్‌కూ ఉన్న నిష్పత్తి తేడాగా ఉంటే హెచ్చరించేలా సాఫ్ట్‌వేర్ మార్చారు. చుక్కల ప్రభావం దిగాక మళ్లీ చూస్తే సరిపోతుంది.

ఇందులో అంతగా ఎవరూ మాట్లాడుకోని సంగతి ఒకటుంది. యూఏఈ సరిహద్దుల్లో తీసిన 152 దేశాలవాళ్ల 632,500 ఐరిస్ చిత్రాలను ఒకదానితో ఒకటి, మొత్తం 20,000 కోట్ల సార్లు పోల్చి, ఈ పద్ధతి దాదాపు పొరబడదని డాగ్‌మన్ 2006లో ప్రకటించారు. మన ఆధార్ ఐరిస్ కూడా ఆయన లెక్కల మీదే నిలబడింది. గల్ఫ్ గేటు దాటిన కళ్లు ప్రయోగశాలకు సరుకయ్యాయన్నమాట. వాళ్లనెవరైనా అడిగారా అన్నది నా అనుమానం.

కువైట్, సౌదీ వేలిముద్రల దారి పట్టాయి. అందుకే ఘట్‌కేసర్ కేసులో కోత కంటికి కాదు, వేలికి.

అసలు పంపేయడం దేనికని అడిగితే మిషన్ దగ్గర జవాబుండదు. వీసా కఫీల్ (పనికి పిలిపించుకున్న యజమాని) చేతిలో, చాలాసార్లు పాస్‌పోర్టూ అతని బీరువాలోనే. జీతం ఇవ్వలేదని ఇంకోచోట పనికి కుదిరితే 'ఖల్లివెల్లి', అంటే చట్టవిరుద్ధంగా ఉంటున్నవాడన్న ముద్ర పడుతుంది, కఫీల్ పరారీ కేసు పెడతాడు. జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో వడ్డీకి తెచ్చిన అప్పు మాత్రం ఆగదు. జీతం ఎగ్గొట్టిన యజమాని వేలిముద్ర ఏ జాబితాలోనూ ఉండదు. యూఏఈ 2007, 2012, 2018, 2024ల్లో ఆమ్నెస్టీలు (అలాంటివాళ్లకు క్షమాభిక్ష) ప్రకటించిందంటే, ఇన్ని స్కానర్లు పెట్టినా ఖల్లివెల్లిలు తగ్గలేదనే కదా.

ఇక ఇదే సాంకేతికత డబ్బున్న ప్రయాణికుడికి సౌకర్యంగా ముస్తాబై వచ్చింది. 2018లో దుబాయ్ ఎయిర్‌పోర్టులో స్మార్ట్ టన్నెల్ పెట్టారు. నడుస్తుండగానే ముఖం, కన్ను చూసి 15 సెకన్లలో వదిలేస్తుందని ప్రచారం. 2025 జనవరిలో శంషాబాద్‌లోనూ బయోమెట్రిక్‌తో వేగంగా దాటే వరుస మొదలైంది. పదో తరగతి దాటని కార్మికుడిని మాత్రం 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం ఇంకా క్లియరెన్సు (పనికి దేశం దాటే అనుమతి) అడుగుతూనే ఉన్నారు.

కువైట్ ఇంకో అడుగు ముందుకేసి, పౌరులూ ప్రవాసులూ అన్న తేడా లేకుండా అందరూ బయోమెట్రిక్ ఇవ్వాల్సిందేనంది. ప్రవాసులకు గడువు 2024 డిసెంబరు 31. ఇవ్వనివాళ్ల బ్యాంకు లావాదేవీలు ఆపేశారు. అక్కడ ఇళ్లలో పనిచేసే మన కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్లు ఆ సెంటరుకు వెళ్లాలన్నా యజమాని పూట సెలవివ్వాలి, కారెక్కించాలి.