చాట, దాని కట్టు, నా పాత స్పీకర్లు

చిన్నూ, బుజ్జీ,

మొన్న సద్దుల బతుకమ్మ నాడు డీజే బండి మన గల్లీలోంచి పోతుంటే చిన్నూ ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, "తాతా, ఇక్కడ దడదడ అంటోంది, అమ్మ ఫోన్లో అదే పాట పెడితే ఎందుకు అనదు?" అని అడిగాడు. ఆ మోతలో నేనేం చెప్పినా వినపడేది కాదు, అందుకే రాస్తున్నా.

అరచేత్తో విసురుకుంటే ఎంత గాలి వస్తుంది? చాటతో విసిరితే? అంతే సంగతి. చప్పుడంటే గాలి ఊగడమే. డోలు లాంటి లావు మోతకు గాలి సెకనుకు ఏ 50, 60 సార్లో ఊగితే చాలు, కానీ చాలా గాలిని కదపాలి, దానికి చాటే కావాలి. ఫోన్లో ఉన్నది గోరంత. నా గదిలో మీ నడుమెత్తు పెట్టెలు రెండున్నాయి కదా, వాటిలో కింద నల్లగా ఉండే ఊఫరే చాట. పైన గుండీలాంటిది ట్వీటర్. గజ్జెలు, తాళాల సన్నటి చప్పుడు దానిది. సెకనుకు వేలసార్లు ఊగాలి, చాటంత ఉంటే దానివల్ల కాదు.

చాట అంటే గుర్తొచ్చింది. మీ ఈడులో నేను మా అవ్వ చాటను డప్పు చేసుకుని చింతబరికెలతో వాయించేవాణ్ణి. ఒకరోజు అంచు కట్టు ఊడింది. అదే చాటతో నాకు రెండు తగిలాయి. తర్వాత అవ్వ కూర్చుని కట్టు మళ్లీ కట్టి, కాగితపు గుజ్జులో మెంతిపిండి కలిపి అలికింది. "చాటకేం కాలేదురా, కట్టే పోయింది" అంది.

నా స్పీకర్లకూ అదే జరిగింది. కాజీపేటలో రైల్వే క్వార్టర్ ఖాళీ చేస్తున్న ఒకాయన దగ్గర కొన్నప్పటికే వాటి కంపెనీ మూతపడింది, సామాన్లు దొరకవు. ఊఫర్ చుట్టూ ఉండే ఫోమ్ అంచు గాలికి, తేమకు 15, 20 ఏళ్లలో పొడిపొడి అవుతుంది. నావీ ఎండిన రొట్టెలా రాలి, పాట పెడితే గరగర అనేవి. మీ నాన్న పాత సామాన్లవాడికి వేద్దామన్నాడు. ఏది పాడయిందో చూడకుండా మొత్తం పాడయిందనడం మీ నాన్నకు చిన్నప్పటి నుంచీ అలవాటు, మీరు నేర్చుకోకండి. హనుమకొండలో ఒక మెకానిక్ కొత్త ఫోమ్ రింగు అంటించాడు. లోపలి తీగచుట్ట అయస్కాంతానికి రాసుకోకుండా, గమ్ము ఆరేదాకా సందులో పాత ఫోటో నెగెటివ్ ముక్కలు దూర్చి ఉంచాడు!

ఇక వెనక పెట్టె ఎందుకంటారా, చాటకు పెట్టె ఉండదు కాబట్టి నా పోలిక ఇక్కడ కుంటుతుంది. మూసిన పెట్టెలో గాలే స్ప్రింగులా ఊఫర్‌ను వెనక్కి తోస్తుందని 1954లో అమెరికాలో ఎడ్గార్ విల్చర్ అనే ఆయన ఆ పద్ధతిలో స్పీకర్లు చేశాడు. నావీ ఆ రకమే. అంతకన్నా లోతుగా చెప్పడం నావల్ల కాదు.

ఆదివారం రండి. ఆంప్లిఫయర్ తీగలు నేను విప్పి ఉంచుతా. గోడగడియారంలో వేసే సెల్లు ఒకటి తెచ్చి, పెట్టె వెనక నుంచి వచ్చే తీగల రెండు కొనలకు అర సెకను ఆనించి తీసేయండి. ఒకరు ఆనించాలి, ఒకరు ముందు కూర్చుని ఊఫర్‌ను చూడాలి. తర్వాత సెల్లు తిప్పి పట్టండి. ఎప్పుడు బయటికి ఉబ్బిందో, ఎప్పుడు లోపలికి పోయిందో నాకు చెప్పాలి.

తాత